దమస్కు గిన్నె, మా అత్తమ్మ క్యారియర్

మా ఆయన నాలుగు రోజులుగా ఐస్‌క్రీం డబ్బాలో అన్నం పెట్టుకుని డ్యూటీకి పోతున్నాడు. దానికి కారణం సిరియా దేశం. పాపం, సిరియా తప్పేమీ లేదు. తప్పంతా నాది. చెప్తాను వినండి. నవ్వొస్తే నవ్వండి, మా స్టాఫ్ రూములో అందరూ ఇప్పటికే నవ్వేశారు.

నేను నల్గొండలో సోషల్ టీచర్‌ని. ‘ఇతరుల సంస్కృతిని తెలుసుకొని గౌరవించవలెను’ అని ఇరవై రెండేళ్లుగా పిల్లల చేత నోట్సు రాయిస్తున్నాను. క్లాసులో వినకుండా దిక్కులు చూసేవాళ్ల చేత అదే వాక్యాన్ని పదిసార్లు రాయిస్తాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పోయిన నెల హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ప్రియ ఫోన్ చేసింది. అక్కడే ఉద్యోగం చేస్తుంది.

“మమ్మీ, ఆదివారం టోలిచౌకిలో ఫుడ్ వాక్ ఉంది. సిరియన్ ఫుడ్. నీకు గూడ టికెట్ తీసిన.”

“నడవడానికి టికెట్ ఏందే?”

“తినుకుంట నడుస్తం మమ్మీ. గైడ్ ఉంటది. వాళ్ల కల్చర్ గురించి చెప్తది.”

కల్చర్ అన్నాక నేను ఆగుతానా! కొత్త నోట్‌బుక్ కొన్నాను.

శనివారం సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే అత్తమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. పేరు సుందరమ్మ, డెబ్బై ఎనిమిదేళ్లు. హాస్టల్లో మూడొందల మంది పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. తిండి విషయంలో ఎవర్నీ అంత తొందరగా నమ్మదు.

“ఏ దేశపోళ్ల తిండే అది?”

“సిరియా, అత్తమ్మా. ఆ గైడ్ పిల్లది డమాస్కస్.”

“దమస్కా! చర్చిల చెప్తరు గద, గా దమస్కేనా?”

“గదే. ఇప్పుడు టోలిచౌకిలున్నది.”

అత్తమ్మ కాసేపు ఆలోచించింది. “అట్లయితే జర మంచిగ మెలుగు. నల్గొండ ఇజ్జత్ తియ్యకు.”

“నేను టీచర్ను అత్తమ్మా!”

“అందుకే చెప్తున్న.”

ఆదివారం పొద్దున టోలిచౌకిలో ఆరుగురం కలిశాం. గైడ్ పేరు రీమ్. ఇక్కడే ఫార్మసీ చదువుతోంది. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, మధ్యలో హైదరాబాదీ హిందీలోకి దిగి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి ఎక్కుతుంది. ఆటో అతనితో “జర సైడ్ కరో భాయ్” అని రీమ్ అన్న తీరు చూసి, ఈ పిల్లది డమాస్కస్సా మలక్‌పేటా అని నాకు అనుమానం వచ్చింది.

మొదట రొట్టెల బట్టీకి తీసుకుపోయింది. ఏవో ఎండు ఆకులు, నువ్వులు నూనెలో కలిపి రొట్టె మీద పూసి కాలుస్తారు. బాగుంది. రాసుకున్నాను. తర్వాత ఫలాఫెల్. “ఇది మన శనగ గారెనే” అని అందరికీ వివరించాను. రీమ్ ఇంకా నోరు తెరవనేలేదు. ఎవరేం తింటున్నా వాళ్లలో “సహ్తేన్” అంటారట, మీకు రెండింతల ఆరోగ్యం కలగాలి అని. అదీ రాసుకున్నాను. మాతో వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఆలివ్ కాయ కొరికి, మొహం వంకరగా పెట్టి టిష్యూలోకి ఉమ్మబోయింది.

“కాదనొద్దమ్మా! ప్రేమగా పెట్టింది తినాలె. అదే కల్చర్” అన్నాను.

పాపం, మింగేసింది. గింజతో సహా మింగిందని నాకు డౌటు.

చివరి మజిలీ ఒక ఇల్లు. ఉమ్ సామి అనే ఆమె ఇల్లు. ఉమ్ సామి అంటే సామి వాళ్లమ్మ అని. మన ఊళ్లలో ‘శ్రీను వాళ్లమ్మ’ అంటాం చూడండి, అట్లా. సామి చదువు కోసం ఇక్కడికొస్తే ఆమె కూడా వెంట వచ్చేసింది. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. రెండో అంతస్తు మెట్ల మీద రీమ్ అందర్నీ ఆపింది. “లోపలికి వెళ్లేముందు మా మర్యాదల గురించి ఒక చిన్న విషయం చెప్తాను” అంది.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ వీడియో కాల్ చేసింది.

“ఏం తింటున్నవ్? సూపియ్యి.”

నేనూ ప్రియా రెండు మెట్లు కిందికి దిగాం. ప్రియ ఫోన్ పట్టుకుంది, నేను టిష్యూలో దాచిన ఫలాఫెల్ ముక్కను కెమెరా ముందు పెట్టాను. అత్తమ్మకు రంగు నచ్చలేదు. “లోపట పచ్చిగున్నదేందే?” అంది. కొత్తిమీర వేస్తారు అని చెప్పేసరికి పైన రీమ్ చెప్పాల్సింది చెప్పేసింది. అందరూ తలలూపుతున్నారు. నేనూ ఊపాను. మా క్లాసులో వెనక బెంచీ పిల్లలు కూడా సరిగ్గా ఇట్లాగే ఊపుతారు.

ఉమ్ సామి అరవై దాటిన మనిషి. నవ్వితే కళ్లు కనబడవు. నేల మీద గుడ్డ పరిచి ఇరవై రకాలు పెట్టింది. చిన్న వంకాయల్లో అక్రోట్లు, ఎర్ర మిర్చి కూరి నూనెలో ఊరబెట్టిన పచ్చడి ఒకటి ఉంది, మక్దూస్ అంటారట. అది తిన్నాక ఆమె మీద నాకు గౌరవం పెరిగిపోయింది. చాలంటే వినదు. “తఫద్దలి, తఫద్దలి” అంటూ పెడుతూనే ఉంది. అంటే దయచేసి తీసుకోండి అని. అచ్చం మా అత్తమ్మే, భాష ఒక్కటే తేడా.

తర్వాత కాఫీ. పొడుగు పిడి ఉన్న చిన్న రాగి గిన్నెలో కాచి తెచ్చింది. పాతది, అంచు కాస్త సొట్టపోయింది, ఒంటినిండా సన్నని తీగల చెక్కడం. వంపుతుంటే నల్లటి కాఫీ ధారగా పడుతోంది.

“అబ్బ! గిన్నె ఎంత బాగుంది!” అన్నాను.

రీమ్ అది ఆమెకు చెప్పింది. ఉమ్ సామి గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆ గిన్నెను నా వైపు జరిపి ఏదో అంది.

“ఇది మీదే, తీసుకోండి అంటోంది” అని రీమ్ నవ్వుతూ నా వైపు చూసింది. ఏదో మాట కోసం చూస్తున్నట్టే ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు.

ఇప్పుడు మా నాయిన గురించి రెండు మాటలు చెప్పాలి. కేతేపల్లి పక్క ఊళ్లో కూలి చేసుకుని మమ్మల్ని చదివించాడు. నా చిన్నప్పుడు మా ఇంటికి పనిమీద ఎవరన్నా పెద్ద ఇండ్లవాళ్లు వస్తే మా అమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చేది. “ఇప్పుడే తాగొచ్చినం” అనేవాళ్లు. ఎండలో రెండు కోసులు నడిచొచ్చి, పెదాలు ఎండిపోయి ఉండేవి. అయినా ఇప్పుడే తాగొచ్చినం! నాయిన మాకు ఒకటే నేర్పాడు. “ఎవరింట్ల ఏమిచ్చినా కాదనొద్దు బిడ్డా. కాదంటే ఎట్లుంటదో మనకు ఎరికే గద.” ఆ ఒక్క సబ్జెక్టులో నాకు నూటికి నూరు.

కాబట్టి రెండు చేతులూ చాపి గిన్నె తీసుకున్నాను.

“షుక్రన్!” అన్నాను, పొద్దున నేర్చుకున్న థాంక్స్.

ఉమ్ సామి చెయ్యి గుండె మీదే ఉండిపోయింది. ఒక్క క్షణమే. మళ్లీ నవ్వింది, గిన్నె నా చేతుల్లోంచి తీసుకుని కడిగి, తుడిచి, పేపర్లో చుట్టి, తాడు కట్టి మళ్లీ ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ అమ్మాయికి దగ్గు అందుకుంది. ఆలివ్ గింజ ఇప్పుడు అడ్డం పడ్డదేమో అనుకుని వీపు మీద రెండు తట్టాను.

నల్గొండ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, గిన్నెను ఒళ్లో పెట్టుకుని, చౌటుప్పల్ దాకా నాలో నేనే మురిసిపోయాను. ఒక్క పూటలో ఎంత ఆత్మీయత! సంస్కృతి అంటే ఇదీ! సోమవారం క్లాసులో చెప్పాలి అనుకున్నాను. చెప్పాను కూడా. రెండు సెక్షన్లకు.

ఆ సాయంత్రం ఆ గిన్నెలో అల్లం చాయ్ పెట్టాను. తాగాక అత్తమ్మ దాన్ని నల్లా కింద పెట్టి తోముతూ తోముతూ ఆగిపోయింది.

“సరోజా, ఇట్ల రా. గిదేంది?”

గిన్నె అడుగున చుక్కలు చుక్కలుగా ఏవో అక్షరాలు కొట్టించి ఉన్నాయి.

మా ఇంట్లో గిన్నెలన్నిటి మీదా పేర్లుంటాయి. పెళ్లికో, గృహప్రవేశానికో ఇచ్చే ప్రతి స్టీలు సామాను మీదా దుకాణంలో మిషన్‌తో పేరు కొట్టించే అలవాటు మనది. ఆ చుక్కల అక్షరాల విలువ అత్తమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

“పేరు కొట్టించిన గిన్నె ఇది. పేరు కొట్టించిన గిన్నెను ఎవ్వలన్న కొత్తోళ్లకు ఇస్తరా?” అంది.

“ఆమె మంచిది అత్తమ్మా, ఇచ్చింది.”

“నేను మంచిదాన్ని కాదా? నేనిస్తనా?”

“నువ్వు గిన్నె కాదు గదా, గంటె కూడా ఇయ్యవు.”

అన్నానే గాని లోపల ఏదో గుచ్చుకుంది. అడుగు భాగం ఫొటో తీసి రీమ్‌కు పంపాను, ఏం రాసుందమ్మా అని. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

“ఆంటీ, అది ఉమ్ సామి వాళ్లమ్మ పేరు. పెళ్లప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన గిన్నె అది. డమాస్కస్ నుంచి చేతిలో పట్టుకొచ్చింది.”

“అయ్యో! మరి నాకెందుకిచ్చింది?”

“ఆంటీ… మెట్ల మీద చెప్పాను కదా.”

“ఏం చెప్పావు?”

అప్పుడు మళ్లీ చెప్పింది. మా ఇళ్లలో ఎవరైనా ఒక వస్తువు బాగుందంటే మేము ‘మీదే, తీసుకోండి’ అంటాం. అది మర్యాద. వెంటనే వచ్చినవాళ్లు ‘మీ చేతిలో ఉంటేనే దానికి అందం’ అనాలి. అదీ మర్యాదే. ఇద్దరూ నవ్వుకుంటారు, వస్తువు ఎక్కడిది అక్కడే ఉంటుంది.

“మరి ఎవరన్నా తీసేసుకుంటే?”

“ఇంతవరకు ఎవరూ తీసుకోలేదు ఆంటీ.”

నాకు చెవులు కాలిపోయాయి. మా దగ్గర ఇచ్చింది కాదంటే అవమానం రీమ్, అందుకే తీసుకున్నానమ్మా అని మా నాయిన సంగతి, నీళ్ల సంగతి అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నది.

“ఇప్పుడామె కాఫీ దేంట్లో కాస్తోంది?” అని అడిగాను.

“పాలగిన్నెలో. రుచి రావడం లేదని ఎవరికీ చెప్పడం లేదు” అంది రీమ్.

“రేపే తెచ్చిచ్చేస్తా!”

“వద్దాంటీ! ఇచ్చింది తిరిగిస్తే ఆమె చాలా బాధపడుతుంది. అస్సలు తీసుకోదు.”

ఇదెక్కడి చిక్కు! తీసుకుంటే తప్పు, ఇస్తే తప్పు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. గిన్నె ఏమో వంటింటి గట్టు మీద కూర్చుని నన్నే చూస్తోంది. మా ఆయన కరెంటు ఆఫీసు నుంచి వచ్చి సంగతంతా విని, “అంటే నువ్వు ఒక ముసలామె తల్లి గిన్నె గుంజుకొచ్చినవన్న మాట” అన్నాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన ఇంత క్లుప్తంగా, ఇంత కరెక్టుగా మాట్లాడటం అదే మొదలు.

దారి చూపింది అత్తమ్మే.

“గీ మాత్రం తెల్వదానే, గన్ని సదువులు సదివినవ్! వాపస్ ఇస్తున్న అనకు. పక్కింటోళ్లు కూర పంపితే గిన్నె ఖాళీగ పంపుతమా? నిండ పోసి పంపుతం. గిది గూడ గట్లనే. గిన్నె గాళ్లది, లోపలిది మనది. ఇగ ఆమె ఏమని కాదంటది?”

సోషల్ టీచర్‌ని నేను. కల్చర్ తెలిసింది ఆమెకు.

శుక్ర, శనివారాలు మా ఇల్లు హాస్టల్ వంటిల్లయింది. రాగి గిన్నెలోకి నువ్వుల లడ్డూలు. అది ఏడెనిమిదికే నిండిపోయింది. “గింతేనా? ముష్టేసినట్టు ఉంటది” అని అత్తమ్మ సకినాలు చుట్టింది, సర్వపిండి కాల్చింది, గారెలు వేసింది. వాటన్నిటినీ తన టిఫిన్ క్యారియర్లో సర్దింది.

ఆ క్యారియర్ మామూలుది కాదు. నాలుగు గిన్నెలు, బరువైన స్టీలు, పక్కన గొళ్లెం. రిటైరైన రోజు హాస్టల్ పిల్లలంతా కలిసి ఇచ్చారు. పై మూత మీద పెద్ద అక్షరాలతో ‘సుందరమ్మ’ అని కొట్టించి ఇచ్చారు. ఏళ్లుగా మా ఆయన లంచ్ అందులోనే పోతుంది, సాయంత్రం రాగానే ఆమె ముందు లెక్క అప్పజెప్పాలి: నాలుగు గిన్నెలు, ఒక మూత, ఒక గొళ్లెం.

“క్యారియర్ పైలం. వాపస్ రావాలె” అంది నా చేతికిస్తూ.

“వస్తది అత్తమ్మా!”

ఆదివారం మళ్లీ మూడో అంతస్తు. నేను, ప్రియ, రీమ్. ఈసారి ఫోన్ స్విచాఫ్ చేశాను. ఉమ్ సామి తలుపు తీసి నన్ను చూసి నవ్వింది. గిన్నె మీద గుడ్డ తీసి లడ్డూలు చూపించి, అత్తమ్మ చెప్పినట్టే చెప్పాను: మా దగ్గర గిన్నె ఖాళీగా పంపరు, ఇది మా ఇంటి తీపి. రీమ్ చెప్తుంటే ఆమె కనుబొమలు పైకి లేచాయి. “మాలోనూ పంపరు!” అందట. లడ్డూలు పళ్లెంలోకి వంపింది. గిన్నె తిరగేసి, అడుగున పేరు మీద బొటనవేలితో ఒకసారి రాసింది. ఏడుస్తుందేమోనని నేను కర్చీఫ్ తీసి రెడీగా పెట్టుకున్నాను. ఆమె కాఫీపొడి డబ్బా తీసింది. గిన్నె పొయ్యి మీదికెక్కింది. అమ్మయ్య!

నేను అప్పుడే లేచి వచ్చేయాల్సింది. కాఫీ తాగాక ఆగకుండా, సర్వపిండి ఎట్లా చేస్తారో చెప్పకుండా, తిన్నగా మెట్లు దిగాల్సింది.

ఉమ్ సామి సకినాలు ఖాళీ చేసి, గిన్నెలు కడిగి, క్యారియర్‌ను మళ్లీ అమర్చసాగింది. ఒకదాని మీద ఒకటి కూర్చోవడం, గొళ్లెం టక్కున పడటం ఆమెకు బాగా నచ్చాయి. రెండుసార్లు తీసి పెట్టింది. మూత మీది అక్షరాలు తడిమింది.

“హెల్వె!” అంది.

“చాలా అందంగా ఉంది అంటోంది” అన్నది రీమ్.

ఈసారి నేను ప్రిపేరై వచ్చాను! ఇరవై రెండేళ్ల టీచర్‌ని, ఒకసారి తప్పిన ప్రశ్న రెండోసారి తప్పుతానా? గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. క్యారియర్‌ను ఆమె వైపు జరిపాను. తల కాస్త వంచాను.

“తఫద్దలి! ఇది మీదే, తీసుకోండి” అన్నాను.

ఎంత బాగా అన్నానో! నాకు నేనే పదికి పది వేసుకుని, ‘మీ చేతిలో ఉంటేనే దానికి అందం’ అనే జవాబు కోసం నవ్వుతూ ఎదురుచూస్తున్నాను.

ఉమ్ సామి రీమ్‌ను చూసింది. రీమ్ ఉమ్ సామిని చూసింది. వాళ్లలో వాళ్లు ఏదో అనుకున్నారు. ఉమ్ సామి ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. రెండు చేతులూ చాపింది. క్యారియర్ తీసుకుంది.

“షుక్రన్” అంది.

తీసుకుని వంటింట్లోకి పోయింది.

ప్రియకు దగ్గు అందుకుంది. నేను రీమ్ చెయ్యి పట్టుకున్నాను. “ఇదేంటమ్మా! మీదే అన్నాక కాదనాలి కదా!”

“ఆంటీ, మీరే చెప్పారు కదా, మీ దగ్గర ఇచ్చింది కాదంటే అవమానమని. మీ నాన్నగారి సంగతంతా ఆమెకు చెప్పాను. ఈసారి ఏమిచ్చినా కాదనకూడదని వారం నుంచి మనసు గట్టి చేసుకుంది. ఆమెకు ఎంత కష్టమైందో తెలుసా? సిగ్గుతో చచ్చిపోతోంది పాపం!”

వంటింట్లోంచి గొళ్లెం టక్కున పడిన చప్పుడు వినిపించింది.

ఇంటికి చేరేసరికి అత్తమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. ముందు నా ముఖం చూడలేదు, నా చేతులు చూసింది.

“క్యారియర్ యాడ?”

“దమస్కుల.”

కూర్చోబెట్టి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. లేచి అన్నం వార్చడానికి పోయింది, అది ఇంకా భయం. మర్నాడు రీమ్ ఫొటో పంపింది. ఉమ్ సామి వంటింటి అరమీద మా క్యారియర్, దాని పక్కనే రాగి గిన్నె. ‘మూత మీద ఏం రాసుందని అడిగింది, గూగుల్‌లో చూసి సుందరమ్మ అని చెప్పాను. ఇప్పుడామె ఆ క్యారియర్‌ను సుందరమ్మ అనే పిలుస్తోంది’ అని కింద రాసింది.

అత్తమ్మ అద్దాలు పెట్టుకుని ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

“దుమ్ము లేకుంట తుడిచి పెట్టింది” అంది చివరికి. ఆమె నోట అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు చర్చికి వచ్చే ప్రతి మనిషికీ నా ఫోన్ లాక్కుని మరీ ఆ ఫొటో చూపిస్తోంది.

“ఇంకో వారం చూసి, రీమ్‌తో మెల్లగ చెప్పించి వాపస్ తెద్దామా?” అని అడిగాను.

“ఇచ్చింది అడుగుతరానే, సిగ్గు లేకుంట?”

“మరి నేను దేంట్ల తీస్కపోవాలె అన్నం?” అని అరిచాడు మా ఆయన. ఫ్రిజ్ మీది ఐస్‌క్రీం డబ్బా కనబడింది, కడిగి ఇచ్చాను.

నిన్న సాయంత్రం ఆ డబ్బా తోముదామని తీస్తే మూత మీద నల్ల మార్కర్‌తో ఏదో రాసి ఉంది. కరెంటు ఆఫీసు నోటీసు బోర్డు మీద రాసే గుండ్రటి అక్షరాలు, మా ఆయనవే.

“ఈ డబ్బా బాగున్నదని ఎవరు మెచ్చుకున్ననూ ఇవ్వబడదు. సరోజ టీచర్ గారు గమనించగలరు.”